స్విచ్చి వేయకుండా తిరిగే ఫ్యాను



స్నానాలగది గోడమీద నల్లటి బూజు మచ్చలు చూసి విసుక్కోని ఇల్లాలు ఉంటుందా చెప్పండి? అపార్టుమెంట్లలో చాలా స్నానాల గదులకు ఓ చిన్న వెంటిలేటరే గాని కిటికీ ఉండదు. వేణ్ణీళ్ళ ఆవిరి బయటికి పోయే దారిలేక, చల్లని గోడకూ అద్దానికీ తగిలి నీరవుతుంది. ఆ చెమ్మ ఆరకపోతే బూజు పడుతుంది. రంగు పెచ్చులూడడం అలా ఉంచండి, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ బూజు మరీ చెరుపు.

మా ఇంట్లోనూ ఇదే అవస్థ. చివరికి మావారు తేమను కనిపెట్టి దానంతటదే తిరిగే ఎగ్జాస్టు ఫ్యాను తెచ్చారు. గాలిలో తేమ మనం పెట్టిన హద్దు దాటితే తిరుగుతుంది, తగ్గాక ఆగుతుంది. ఎలక్ట్రీషియను వచ్చి, దీపం స్విచ్చి నుంచి రెండు తీగలు లాగి బిగించి వెళ్ళాడు. దీపం వేస్తే ఫ్యానుకి కరెంటు వచ్చేది, ఆర్పితే పోయేది. మరి స్నానం కాగానే అందరం దీపం ఆర్పి వచ్చేస్తాం కదా! గదినిండా ఆవిరి ఉన్నప్పుడే ఫ్యాను నిద్రపోయేదన్నమాట. నెల తిరక్కుండా మచ్చలు మళ్ళీ ప్రత్యక్షం!

లోపం ఫ్యానుది కాదు, తీగలది. ఇలాంటి ఫ్యానుకి దీపంతో సంబంధం లేకుండా ఎప్పుడూ కరెంటు ఉండే ఫేజు తీగ ఒకటి, న్యూట్రలు ఒకటి కావాలి. దీపం వేసినప్పుడు కూడా తిరగాలనుకుంటే, దీపం స్విచ్చి నుంచి వచ్చే తీగ మూడోది. ఆ రెండు ఫేజు తీగలూ ఒకే సర్క్యూటు నుంచి రావాలి. లేకపోతే ఒకటి ఆపినా రెండోదానిలో కరెంటు ఉండిపోతుంది. ఏ తీగ ఎక్కడ బిగించాలో ఫ్యానుతో ఇచ్చిన కాగితంలో బొమ్మ ఉంటుంది. ఆ కాగితం పారేయకండి, ఎలక్ట్రీషియను చేతికివ్వండి.

మరొకతన్ని పిలిచి తీగలు సరిచేయించాం. గోడలు ఆరాయి, నేనూ సంతోషించాను. అసలు సంగతి సంక్రాంతి బూజు దులుపుళ్ళలో బయటపడింది. మా అత్తగారు దీపం ఆర్పేసి, స్టూలెక్కి, వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో ఫ్యాను తుడుస్తున్నారు. ఆ తడికి తేమ పెరిగిందేమో, రెక్కలు ఒక్కసారిగా గిర్రున తిరిగాయి! ఆవిడ కెవ్వుమన్నారు. వేలు గీరుకుపోవడంతో సరిపోయింది గాని, ఉలికిపడి స్టూలుమీంచి పడితే? ఆ తడిగుడ్డ లోపలి తీగకి తగిలితే? 230 వోల్టుల కరెంటు పెద్దవాళ్ళని చూసి ఊరుకుంటుందా?

దీపం ఆర్పాం కదా, కరెంటు లేదనుకున్నాం. ఎప్పుడూ కరెంటు ఉండే తీగ వేయించుకున్నది మనమేనన్న మాట మరిచిపోయాం. అందుకే ఇలాంటి ఫ్యానుకి స్నానాలగది బయట విడిగా ఒక స్విచ్చి ఉండి తీరాలి. అది ఆపితే రెండు ఫేజు తీగలూ, న్యూట్రలూ కలిపి తెగిపోవాలి. దానిమీద 'ఫ్యాను' అని చీటీ అంటించండి. పనిమనిషికీ, పిల్లలకీ చూపించండి.

మరికొన్ని జాగ్రత్తలు కూడా చెబుతాను. షవరు నీళ్ళు పడేచోట ఫ్యాను పెట్టించకండి. ఇంటికి 30 మిల్లీ యాంపుల ఆర్‌.సి.సి.బి. ఉందో లేదో అడగండి. కరెంటు దారితప్పి కారితే క్షణంలో సరఫరా ఆపేది అదే. గాలి ఇంటి బయటికే పోవాలి, ఫాల్సు సీలింగులోకి కాదు. తలుపు కింద వేలెడు సందు ఉంచండి. లోపలికి గాలి రాకపోతే ఫ్యాను ఎంత తిరిగినా వృథాయే.

తేమ హద్దు ఊరిని బట్టి పెట్టుకోవాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్ళలో వానాకాలం బయటి గాలిలోనే తేమ నూటికి 75, 80 పాళ్ళుండడం మామూలే. అక్కడ 60 దగ్గర పెడితే ఫ్యాను రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటుంది! 85 దగ్గర పెట్టి చూడండి. హైదరాబాదులో వానలు లేని రోజుల్లో 65, 70 సరిపోవచ్చు.

తీగలు మనం ముట్టుకోవద్దు, ఆ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియనుదే. కాని అతను వెళ్ళేముందు రెండు పరీక్షలు దగ్గరుండి చేయించండి. దీపం ఆర్పి, వేణ్ణీళ్ళు పట్టి ఆవిరి నిండనిస్తే ఫ్యాను తిరగాలి. బయటి స్విచ్చి ఆపితే ఎంత ఆవిరి ఉన్నా ఆగాలి. రెండూ కళ్ళారా చూశాకే డబ్బులివ్వండి.

తనంతట తాను తిరిగే వస్తువుని, ఆపే స్విచ్చి ఎక్కడుందో తెలియకుండా ముట్టుకోకండమ్మా. మా అత్తగారి వేలు మాకు నేర్పిన పాఠం ఇదే.