డయాలసిస్ మనిషి - కడుపులో పురుగులు



మేళ్లచెరువులో గొర్లకు, మేకలకు నట్టల మందు తాపడం అందరికీ ఎరుకే. నట్టలు పడ్డ గొర్రె ఎంత మేసినా బక్కచిక్కుతుంది. మనుషుల పేగుల్లో కూడా పురుగులు ఉంటాయి. ఏలికపాములు, నులిపురుగులు, కొంకి పురుగులు అట్లాంటివే. కంటికి కనబడని క్రిములూ ఉంటాయి. ఇవి ఎవరికైనా చెరుపు చేస్తాయి. డయాలసిస్ చేయించుకునే వారికి ఇంకా ఎక్కువ చెరుపు చేస్తాయి.

డయాలసిస్ అంటే ఏమిటి?

కిడ్నీలు రక్తాన్ని వడపోస్తాయి. చెడును మూత్రంలో బయటకు పంపుతాయి. కిడ్నీలు పూర్తిగా చెడిపోతే ఆ పని మిషను చేయాలి. అదే డయాలసిస్. చాలామందికి వారానికి మూడుసార్లు చేస్తారు. ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. ఊరు విడిచి సూర్యాపేట లాంటి టౌనుకు పోయి రావాలి. ఆ రోజు కూలి పోతుంది. ఇంత కష్టపడి నిలుపుకున్న ప్రాణానికి చిన్న పురుగు ముప్పు తేవచ్చు.

రక్తం తాగే పురుగు

ఒంట్లో రక్తం తయారు కావడానికి కిడ్నీల సాయం కావాలి. అవి చెడితే రక్తం తగ్గుతుంది. కొంకి పురుగు పేగును కరిచి పట్టుకుని రక్తం తాగుతుంది. ఉన్న కాస్త రక్తమూ పోతుంది. నీరసం, ఆయాసం వస్తాయి. తిండి సయించదు. "కిడ్నీ జబ్బు కదా, ఇట్లాగే ఉంటది" అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. పురుగు సంగతి ఎవరికీ తట్టదు. మల పరీక్ష చేయిస్తే బయటపడుతుంది. ఒక్కసారికి దొరకకపోతే మళ్లీ చేయించాలి.

అందరి వైద్యం వీరికి పనికిరాదు

విరేచనాలైతే ఉప్పు చక్కెర నీళ్లు, కొబ్బరి నీళ్లు తాపమంటారు. మామూలు మనిషికి అది మంచి మాటే. డయాలసిస్ మనిషికి మాత్రం కాదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. చెడిన కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు. అది రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. నీళ్లు ఎక్కువైతే ఊపిరి ఆడదు. విరేచనాలతో నీళ్లు బాగా పోయినా ప్రమాదమే, బీపీ పడిపోతుంది. అందుకే వెంటనే డయాలసిస్ డాక్టరుకు చెప్పాలి. ఎన్ని నీళ్లు తాగాలో, ఏ మందు వేయాలో ఆయనే చెప్పాలి. దుకాణంలో మాత్రలు కొని వేయవద్దు.

మరిగించిన నీళ్లే మేలు

క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి ఉంది. నీళ్లలో కలిపే క్లోరినుకు అది సులభంగా చావదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో అది కుళాయి నీళ్లలో చేరింది. సుమారు 4 లక్షల మందికి జబ్బు చేసింది. రోగాన్ని తట్టుకునే శక్తి లేనివారు కొందరు చనిపోయారు. డయాలసిస్ వారికీ ఆ శక్తి తక్కువే. నీళ్లు బాగా మరిగిస్తే ఆ క్రిమి చస్తుంది. డయాలసిస్ మనిషి తాగేది కొలత నీళ్లే. ఆ కాసిని నీళ్లు మరిగించి చల్లార్చి ఇవ్వడం పెద్ద పని కాదు. శివరాత్రి జాతరకు పోయినా ఇంటి నీళ్లే వెంట తీసుకుపోవాలి.

కిడ్నీ మార్పిడికి ముందు

స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పురుగు పేగులో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. కిడ్నీ మార్చాక రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడతారు. అప్పుడు ఆ పురుగు ఒళ్లంతా పాకి ప్రాణం తీయవచ్చు. కాబట్టి కిడ్నీ మార్పిడికి ముందే పురుగుల పరీక్ష గురించి డాక్టరును అడగాలి.

ఇంటిల్లిపాదీ చేయవలసినవి

మరుగుదొడ్డి వాడాలి. కొంకి పురుగు పిల్లలు తడి మట్టిలో నుంచి అరికాళ్ల గుండా ఒంట్లోకి దూరుతాయి. చెప్పులు లేకుండా తిరగవద్దు. దొడ్డికి పోయి వచ్చాక, అన్నం ముందు సబ్బుతో చేతులు కడగాలి. గోళ్లు తీసుకోవాలి. కూరగాయలు బాగా కడిగి వండాలి. 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకు బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే పురుగుల మాత్ర తప్పక వేయించాలి. ఇంట్లో ఒకరి పురుగు ఇంకొకరికి అంటుతుంది.

మీ వాడలో డయాలసిస్‌కు పోయే వారు ఉంటే, ఈ పాఠం వారి ఇంటికి పోయి చదివి వినిపించండి.