మార్ఫిన్‌కు లొంగని నొప్పికీ దారి ఉన్నది



కరీంనగర్, ఆదిలాబాద్ కూలి వాడల్లో క్యాన్సర్ ముదిరినంకనే బయటపడుతున్నది. "ఇంటికి తీసుకపోండి" అంటే మనం మారుమాట్లాడకుండా తెచ్చుకుంటున్నం. రోగం నయం కాకపోవచ్చు. నొప్పి తగ్గించే దారి లేదనుడు మాత్రం అబద్ధం.

1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చినంక లైసెన్సుల బాధకు చాలా దవాఖానలు మార్ఫిన్ పెట్టుడే మానుకున్నయి. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖానలో మార్ఫిన్ ఇస్తరు. తెలంగాణలో సర్కారు 'ఆలన' పేరుతో జిల్లాల్లో నొప్పి సేవా కేంద్రాలు పెట్టింది.

మార్ఫిన్ గోలి నొప్పి లేచినంక కాదు, డాక్టర్ చెప్పిన వేళకు తప్పకుండా వేసుకోవాలె. మలబద్ధకానికి మందు తోడుండాలె.

గోలీలు పెంచినా నొప్పి ఆగకపోతే? "ఎంత నొప్పి" అనే కాదు, "ఎసొంటి నొప్పి" అని చూడాలె. మంటగా, కరెంటు కొట్టినట్టు ఉంటే అది నరం నొప్పి. దానికి గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ వంటివి తోడిస్తరు. బొక్కల్లో నొప్పికి రేడియేషన్ పెడతరు. చాలామందికి ఒక్కసారి పెడితే చాలు. గడ్డ చుట్టూ వాపుంటే డెక్సామెథసోన్. క్లోమం క్యాన్సర్‌లో కడుపు వెనుక నరాల దగ్గర సూది వేసి నొప్పి దారి మూస్తరు. కొందరికి మార్ఫిన్ బదులు మెథడోన్ పనిచేస్తది. ఇవన్నీ డాక్టర్ చూసి ఇచ్చేవే; మందుల షాపులో అడిగి కొనుక్కునేవి కావు.

నడుము నొప్పితో పాటు కాళ్లు బలహీనపడ్డా, ఒంటేలు ఆగినా అదే రోజు దవాఖానకు తీసుకపోవాలె. ఆలస్యమైతే కాళ్లు పడిపోతయి.

ఇంకో మాట. పుండు వాసన వస్తున్నదని రోగిని కొట్టంలో వేస్తున్నం. ఊరు మనల్ని దూరం పెట్టింది చాలదా? ఆ వాసనకూ మెట్రోనిడజోల్ మందున్నది. మనిషి పక్కన కూసునుడు కూడా నొప్పికి మందే.

సంఘం కార్యకర్తలు ప్రతి వాడలో ఒక నోటుబుక్కు పెట్టాలె. నొప్పి ఎక్కడ, ఎసొంటిది, ఎన్ని గోలీలకు ఎంత తగ్గింది, అన్నీ రాసి డాక్టర్ ముందట పెట్టాలె.

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. మూలుగుతున్న మనిషిని బస్సుల ఎట్ల తీసుకపోతం? జిల్లా దవాఖానలో మార్ఫిన్ ఎన్నడూ నిండుకోవద్దు. ఇంటికొచ్చే బండి మన వాడ దాకా రావాలె. ఇది దయ కాదు, మన హక్కు. కలిసి అడుగుదాం!