పగిలిన బకెట్ల పాలకూర
మా ఇంటి ముందట సీసీ రోడ్డు, వెనుక బండ. గుప్పెడు మట్టి లేదు. బిడ్డకు రక్తం తక్కువుంది, ఆకుకూర పెట్టుమన్నరు. రోజూ కొనాలంటే పైసలేవి? పగిలిన బకెట్ల, సిమెంటు బస్తాలల్ల పెట్టిన. మొదట అడుగున బొక్కలు పెట్టలే, నీళ్లు నిలిచి వేర్లు కుళ్లినయి. మీరట్ల చేయకుండ్రి.

బొక్కలు పెట్టి, పైన పెంకులు పరవాలి. చెరువు మట్టి, ఇసుక, మాగిన పెంట తలా ఒక తట్ట కలిపి నింపాలి. పాలకూరకు జానెడు లోతు చాలు, టమాటకు మూరెడు కావాలి. ఇంట్ల మెంతులే విత్తనం. ధనియాలైతే రెండు పలుకులు చేసి చల్లాలి. పాలకూర నెలకు కోతకొస్తది, మొదలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తది.

ఇప్పుడు మా బిడ్డ తనే కోసుకొస్తది. వచ్చే మీటింగుకు మెంతులు నేను తెస్త, పగిలిన బకెట్ మీరు తెండ్రి.