ఒకే బడిలో ఇరుగుపొరుగు



అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్ మహానగరాన్ని ఆనుకొని షేకర్ హైట్స్ అనే చిన్న పట్టణమున్నది. ఎక్కడో ఉన్న ఒక శివారు పట్టణపు ప్రభుత్వ పాఠశాలల చరిత్రతో మనకేమి పని అని మీకు తోచవచ్చు. చట్టం తలుపు తెరవగలదు. లోపలికి వచ్చినవారిని కలిపి కూర్చోబెట్టవలసినవారు మాత్రం పొరుగువారే. ఈ సత్యానికి ఆ పట్టణం ఒక నిదర్శనం.

షేకర్లనే క్రైస్తవ శాఖవారు 1822 నుండి 1889 వరకు సమష్టి జీవనం సాగించిన భూమి అది. తరువాత వాన్ స్వెరింజన్ సోదరులు దానిని సంపాదించి, ఉద్యానాలతో, విద్యుత్ రైలుమార్గంతో ఒక ఆదర్శ నివాసస్థలంగా తీర్చిదిద్దారు. పేటకొక ప్రాథమిక పాఠశాల వెలసింది. 1931 నాటికి ఆ గ్రామం నగరమైంది.

కాని ఆ సొగసు అందరిదీ కాలేదు. ఇల్లు అమ్మదలచినవారు కంపెనీ సమ్మతినో, ఇరుగుపొరుగువారి సమ్మతినో పొందాలన్న షరతు దస్తావేజులకెక్కింది. నల్లజాతివారిని, యూదులను దూరముంచడానికి అది సాధనమైంది.

1956లో లడ్లో అనే పేటలో ఒక నల్లజాతి న్యాయవాది కట్టుకొంటున్న ఇంటివద్ద బాంబు పేలింది. ఆ పేటవారు బెదరలేదు. తెల్లవారు, నల్లవారు ఒకరింట ఒకరు సమావేశమై, 1957లో ఒక సంఘం స్థాపించుకొన్నారు. తెల్లవారు ఇండ్లమ్ముకొని తరలిపోకుండా, కొత్త కుటుంబాలు వచ్చి చేరేటట్లు కృషి చేశారు.

1970లో పాఠశాలల వంతు వచ్చింది. నల్లజాతి పిల్లలు అధికంగా ఉన్న మోర్లాండ్ బడినుండి కొందరిని బస్సులలో ఇతర పేటల బడులకు పంపాలని తొలి ఆలోచన. భారమంతా ఒక పక్షమే మోయడం న్యాయమా అని తల్లిదండ్రులు ప్రశ్నించారు. అప్పుడు తెల్లవారి పిల్లలు కూడా స్వచ్ఛందంగా మోర్లాండ్‌కు వచ్చేటట్లు పథకాన్ని సవరించారు. 1987లో నాలుగు ప్రాథమిక పాఠశాలలను మూసి, హద్దులను తిరిగి గీశారు.

అయినా కథ ముగియలేదు. ఒకే కప్పుక్రింద చేరినా, ఉన్నతస్థాయి తరగతులలో తెల్లవారి పిల్లలే అధికంగా కనిపించారు. అందుచేత 2020లో అనేక తరగతులలో ఈ స్థాయీభేదాన్ని తొలగించ పూనుకొన్నారు. గోడ ఒకటి కూలితే మరొకటి కంటబడుతుందన్నమాట.

మన దేశంలోనూ 1964–66 నాటి కొఠారీ కమిషన్ పేటలోని పిల్లలందరూ చదివే సమీప పాఠశాలను సిఫారసు చేసింది. మన వీధి బడిలో మన బిడ్డ ప్రక్కన ఎవరి బిడ్డ కూర్చున్నదో ఒక్కసారి చూడండి. సమైక్యతకు అదే మొదటి పాఠం.