లెక్కలు రానామె దరఖాస్తు
(రాయికోడ్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మగపిల్లవాడికి లెక్కలు రాకపోతే ట్యూషన్ పెట్టిస్తారు. ఆడపిల్లకు రాకపోతే "పోనీ తియ్, ఏం కలెక్టరైతదా" అని ఊరుకుంటారు. ఈ ఊరుకోవడం వల్లే ఒక నిజమైన ఇబ్బంది ఎందరో స్త్రీలలో ఎవరి కంటా పడకుండా ఉండిపోతోంది. దాని పేరు డిస్కాల్కులియా. తెలివికి లోటుండదు, చదవడం రాయడం వస్తాయి, అంకె దగ్గరికి వచ్చేసరికి పట్టు తప్పుతుంది. 68 కాస్తా 86 అవుతుంది. చిల్లర లెక్కపెడుతూ మధ్యలో మళ్లీ మొదటికి వస్తారు.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. పత్తి ఏరడానికి బడి మానిపించిన పిల్లకు లెక్కలు రాకపోతే అది ఆమె లోపం కాదు, మనం చేసిన అన్యాయం. బడి ముఖమే చూడని అవ్వ సోలలు, మానికలతో విత్తనాలు కొలిచి తప్పకుండా లెక్క చెబుతుంది. పన్నెండేళ్లు చదివిన మనవరాలు తడబడుతుంది. ఆ తడబాటు వేరు, దాన్ని వేరుగానే చూడాలి. పైగా మనది సరిహద్దు ప్రాంతం. 'ఇరవై తొమ్మిది'లో ఇరవై, తొమ్మిది రెండూ వినబడతాయి. అదే సంతలో ఉర్దూలో 'ఉన్‌తీస్' అంటే ముప్పైకి ఒకటి తక్కువ. అంకెలతో కుస్తీ పట్టే మనిషికి ఇది ఇంకో బరువు.

ఇంటర్ పాసైన ఒకామె అంగన్‌వాడీ పోస్టుకు దరఖాస్తు పెట్టాలనుకుంది. "అక్కా, పిల్లలకు ఆటపాటలు చెప్పుట్ల నన్నెవరూ మించరు. బరువు రాసేటప్పుడే చెయ్యి వణుకుతది" అంది.

అసలు దరఖాస్తు ఫారమే ఆమెకు మొదటి పరీక్ష. ఆధార్ 12 అంకెలు, ఫోను 10, పిన్‌కోడ్ 6, ఆపైన పుట్టిన తేదీ, మార్కుల శాతం. ఒక్క అంకె తారుమారైతే దరఖాస్తు పక్కన పడుతుంది, ఎందుకో ఆమెకు తెలియను కూడా తెలియదు. ఇవన్నీ ముందే ఒక అట్టముక్క మీద, ఆధార్‌ను నాలుగేసి అంకెలుగా విడదీసి రాసుకోమన్నాను. ఒకరు పైకి చదవాలి, ఆమె వేలు పెట్టి సరిచూసుకోవాలి. మీసేవలో ఎంత తొందరపెట్టినా, తాను చూసుకున్నాకే బటన్ నొక్కమనాలి. "ఇటియ్యి, నేను నింపుత" అని ఫారం లాక్కునే కార్యకర్తలు మనలో ఉన్నారు, అది సాయం కాదు.

ఇక ఈ సంగతి చెప్పాలా, వద్దా? 1995 చట్టంలో ఈ ఇబ్బంది ఊసే లేదు. 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం డిస్కాల్కులియాను పేరుపెట్టి చేర్చింది. రిజర్వేషన్ కావాలంటే 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. అయితే చేతిరాత ఇబ్బంది ఉన్న ఒక అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, 40 శాతం లేదన్న కారణంతో పరీక్షలో రాసిపెట్టే మనిషిని నిరాకరించకూడదని చెప్పింది. కనుక రిజర్వేషనో, పరీక్షలో సదుపాయమో అడిగేవాళ్లు దరఖాస్తులోనే రాయాలి. మిగతావాళ్లు ఎప్పుడు చెప్పాలన్నది వాళ్ల ఇష్టం. చెప్పినప్పుడు ఇబ్బందితో పాటు ఉపాయం కూడా చెప్పమంటాను: "అంకెలు రెండుసార్లు సరిచూసుకుంటాను, కాలిక్యులేటర్ వాడతాను."

అంగన్‌వాడీలో బరువు, ఎత్తు ఎక్కిస్తే ఎదుగుదల లెక్క పోషణ్ ట్రాకర్ యాప్ కడుతుంది. సరిగా చూసి ఎక్కించడమే ఆమె పని. సంఘం పుస్తకాలు రాసే ఉద్యోగం అలా కాదు, అక్కడ లెక్కే పని. అలాంటి దానికి ఈ సంగతి దాచి వెళ్లొద్దని ఖచ్చితంగా చెబుతాను. పొదుపు డబ్బులో తేడా వస్తే ఆడదాని మీద అది దొంగతనమై కూర్చుంటుంది.

సర్టిఫికెట్ ఆమె వద్దంది. "అత్తింట్ల తెలిస్తే నా బిడ్డ పెండ్లికి అడ్డమొస్తది" అంది. ఆ భయం ఉత్తది కాదు, మనం బలవంతపెట్టలేదు. వైకల్యం గడి ఖాళీగా వదిలింది, ఇంటర్వ్యూలో తానే చెబుతానంది.

చివరగా మన సంగతి. ప్రతి సంస్థా, ప్రైవేటుదైనా సరే, వికలాంగులకు సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని ఆ చట్టంలోని 21వ సెక్షన్ అంటోంది. మన స్వచ్ఛంద సంస్థలకూ అది వర్తిస్తుంది. మీ ఆఫీసులో ఆ కాగితం ఉందో లేదో రేపు వెళ్లగానే చూడండి. లేకపోతే రాద్దాం, నేను కూర్చుంటాను.