బదులు లేని ప్రేమపాట



మొన్న రాత్రి మా మనుమడు ఇయర్‌ఫోనులు చెవులలో బెట్టుకొని యొకే పాటను మరల మరల వినుచుండెను. వానిలో నొకటి తీసికొని నేనును నా చెవిలో బెట్టుకొంటిని. గుండె కొట్టుకొనునట్టి మెల్లని దరువు, దాని వెనుక నెంతకును అణగని మంద్రస్వరము, చెవికడ గుసగుసలాడునట్టి యొక పురుషుని గొంతు. తాను వలచిన పిల్ల కాదన్నను విడువననియు, ఆమె నీడయై తిరిగెదననియు పాట భావము. వినుట కింపుగానే యున్నది. ముగిసినపిదప, "నాయనా, ఆ పిల్ల యేమనుచున్నదిరా?" అని యడిగితిని. వాడు కొంతసేపాలోచించి, "ఆమె మాట పాటలో లేదు తాతా" అనెను.

నేటి నా ప్రసంగము ఆ జవాబును గూర్చియే.

ఇట్టి పాటలకు వాద్యము విద్యుద్యంత్రము. దీనిని సింథసైజరందురు. 1964లో అమెరికాదేశమున రాబర్టు మూగ్ అను నతడు నిర్మించిన యంత్రముతో నిది ప్రసిద్ధి కెక్కినది. పండ్రెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ నందిన మన పాలమూరు సీమ కళాకారుడు దర్శనం మొగిలయ్యగారిని మీరెరుగుదురు. ఆ కిన్నెరపై మీటిన తంతి కొంతసేపు మ్రోగి తనంత తానే అణగును. యంత్రస్వరమును, మీటనుండి వేలు తీయువరకు, అణగకుండ నిలుపవచ్చును. పాతబావిలో పిలిచిన పిలుపువలె ప్రతిధ్వనింప జేయవచ్చును. వదలని వలపును వినిపించుటకు తగిన సాధనమే యిది. దోషము యంత్రముది కాదు.

వదలని వలపు మనకు క్రొత్తయు గాదు. భాగవతులు తెల్లవార్లు ఆడిన సారంగధర కథను మీలో నెరుగనివారరుదు. చిత్రాంగి సవతికొడుకును వలచినది. తల్లివని మ్రొక్కి యతడు నిరాకరించెను. ఆ వలపే పగయై యతని కాలుచేతులు నరికించినది. అందు చిత్రాంగి మాటయు గలదు, సారంగధరుని బదులును గలదు. చూచినవారు తప్పెవరిదో యెరిగి యిండ్లకు బోయెడివారు. లైలాను వలచిన ఖైసునకు లోకము మజ్నూ యని పేరు పెట్టినది. ఆ యరబ్బీ మాటకు పిచ్చివాడని యర్థము. క్షేత్రయ్య పదములలో విరహిణికి తోడు సఖి యుండును. బతుకమ్మ చుట్టును ఒకతె పాడిన పదిమంది యందుకొందురు. మన పాటకు బదులు పలుకువారు ఎల్లప్పుడును ప్రక్కనే యుండిరి.

2004లో వచ్చిన 'ఆర్య' చలనచిత్రమున నాయకుడు, మరొకనికి మాట యిచ్చిన కన్య వెంటబడును. తన్ను ప్రేమింపకున్నను తన ప్రేమను గుర్తించిన జాలునని కోరును. తుదకామె యతనినే వరించును. తెరమీద నది సుఖాంతము. తెర వెలుపల నట్లు గాదు. 2008 డిసెంబరులో వరంగల్లులో నిద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడు చల్లిరి. వారిలో నొకరు మరణించిరి. దానికి మూలము త్రోసివేయబడిన వలపే.

కాదన్న స్త్రీని పదే పదే వెంబడించుట 2013 నుండి ప్రత్యేక నేరము. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను ప్రకారము మొదటిసారి మూడేండ్లవరకు, మరల చేసినచో నైదేండ్లవరకు ఖైదు విధింపవచ్చును. 2014లో హైదరాబాదున మొదలైన షీ టీములు తరువాత జిల్లాలకును వచ్చినవి.

కాని ఊరిలో మనము చేయు మొదటి పని యేమి? పిల్ల చదువు మాన్పించి సంబంధము చూచుట. వెంబడించినవాని యింటికి పోము. నేనును ఒకప్పుడట్టి సలహాయే యిచ్చితిని. మా వీథిలోని యొక బాలిక నల్లగొండలో కాలేజి చదువు మానినది. ఆమె నన్నేమియు ననలేదు. ఆ మౌనము నేటికిని నా చెవిలో అణగలేదు. ఆ పాటలోవలెనే మన రచ్చకట్టమీదను ఆ పిల్ల మాట లేకపోయెను.

కావున పెద్దలారా, మనుమల పాటను ఈసడింపకుడు. ప్రక్కన గూర్చుండి వినుడు. ముగిసినపిదప, ఆ పిల్ల యేమనుచున్నదని యడుగుడు. రేపు నిజముగనే యొక పిల్ల మీ గడప యెక్కి మొర పెట్టుకొన్న నాడు, మొదట నామె మాట వినుడు. పిదప ఆ పిల్లవాని యింటికి నడువుడు.

సెలవు.