కొలెస్ట్రాల్‌కి మందు పక్కనపెట్టి విటమిన్ వేసుకున్నా: మూడు నెలల తర్వాత ఏమైంది?

ఈ ఎపిసోడ్‌లో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ మీలో ఎవరో ఒకరు ఇప్పుడు అదే చేస్తూ ఉండొచ్చు.

పోయినేడాది ఆఫీసులో హెల్త్ చెకప్ చేశారు. నాకు 31 ఏళ్లు, సన్నగానే ఉంటాను. కానీ రిపోర్టులో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 178 వచ్చింది. మా నాన్నకి 46 ఏళ్లకే గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఆయన్ని చూసే డాక్టర్ గారే నాకూ రోసువాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు రాసిచ్చారు.

చీటీ జేబులో పెట్టుకుని బయటికొచ్చా. మందుల షాపుకి మాత్రం వెళ్లలేదు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలట, లివర్ పోతుందట... ఇవే మాటలు బుర్రలో తిరుగుతున్నాయి. రాత్రి ఫోన్‌లో వెతికితే నియాసిన్ అని కనిపించింది. అంటే విటమిన్ బి3. విటమినే కదా, ఏమవుతుందిలే అనుకున్నా. 500 మిల్లీగ్రాముల టాబ్లెట్లు ఆన్‌లైన్‌లో తెప్పించి, రోజుకి రెండు వేసుకున్నా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మొదటిరోజే ముఖం, మెడ, చెవులు ఎర్రబడి, పచ్చిమిరపకాయ రాసినట్టు మంట. దీన్ని ఫ్లషింగ్ అంటారు. చర్మంలో రక్తనాళాలు వెడల్పవడం వల్ల వస్తుంది. నేనేమో మందు బాగా పనిచేస్తోందని సంబరపడ్డా!

మూడు నెలల తర్వాత టెస్టు చేయిస్తే ఎల్‌డీఎల్ 166. తగ్గింది 12 పాయింట్లే. లివర్ టెస్టులో ఎస్‌జీపీటీ మాత్రం ఉండాల్సినదానికి రెట్టింపు దాటింది. లివర్ పాడవుతుందని మందు వద్దనుకున్నవాణ్ణి, నా లివర్‌ని నేనే ఇబ్బంది పెట్టుకున్నా.

డాక్టర్ గారు తిట్టలేదు. ఒక్కటే అడిగారు: "రోజుకి బి3 ఎంత కావాలో తెలుసా? 14 నుంచి 16 మిల్లీగ్రాములు. నువ్వు వేసుకున్నది వెయ్యి. ఆ డోసులో అది విటమిన్ కాదు బాబూ, మందే. నువ్వు వేసుకున్నదీ మందే, కాకపోతే డాక్టర్ లేకుండా."

నియాసిన్ కథ అబద్ధమేం కాదు. అది కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని 1955లోనే కెనడాలో గుర్తించారు, డాక్టర్లు చాలా ఏళ్లు రాశారు కూడా. కానీ 2014లో హెచ్‌పీఎస్2-త్రైవ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 25 వేల మందికి పైగా స్టాటిన్‌తో పాటు నియాసిన్ ఇచ్చీ ఇవ్వకా చూశారు. గుండెపోట్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, షుగర్, ఇన్ఫెక్షన్లు, రక్తస్రావం మాత్రం పెరిగాయి. అంటే రిపోర్టులో నంబర్ తగ్గినంత మాత్రాన గుండెకి మేలు జరిగినట్టు కాదు.

మరి వెల్లుల్లి, పసుపు, చేపనూనె క్యాప్సూల్స్? 2022లో అమెరికాలో వీటిని తక్కువ డోసు రోసువాస్టాటిన్‌తో 28 రోజులు పోల్చి చూశారు. రోసువాస్టాటిన్ ఎల్‌డీఎల్‌ని సుమారు 38 శాతం తగ్గించింది. సప్లిమెంట్లు ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా ఏమీ చేయలేదు.

ఇంకో విషయం. స్టాటిన్లు ఆకాశం నుంచి ఊడిపడిన కెమికల్స్ కావు. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో మొదటి స్టాటిన్‌ని బూజు నుంచే కనిపెట్టారు. "సహజం" అని అమ్మే రెడ్ ఈస్ట్ రైస్‌లో ఉండే మొనాకొలిన్ కె అచ్చంగా లోవాస్టాటినే. కాకపోతే ఏ సీసాలో ఎంత ఉంటుందో గ్యారంటీ లేదు.

స్టాటిన్లకి సైడ్ ఎఫెక్ట్స్ లేవని నేను అనను. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, షుగర్ కొంచెం పెరగొచ్చు. గర్భం ప్లాన్ చేసుకునేవాళ్లు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. భయం ఉంటే ఆ భయాన్నే డాక్టర్‌కి చెప్పండి. డోసు మార్చొచ్చు, మందు మార్చొచ్చు. నేను చేసినట్టు చీటీ మడిచి జేబులో పెట్టుకోకండి. ఇప్పటికే ఏదైనా సప్లిమెంట్ వాడుతుంటే దాచకుండా సీసా పట్టుకెళ్లి చూపించండి.

నియాసిన్ ఆపేశాక నా ఎస్‌జీపీటీ మామూలైంది. తర్వాత స్టాటిన్ మొదలుపెట్టా, నడక పెంచా, రోజూ బజ్జీలు మానేశా. రెండు నెలలకి ఎల్‌డీఎల్ 98.

ఇప్పుడు రాత్రి భోజనమయ్యాక నాన్న మందుల డబ్బా తీస్తే, నా టాబ్లెట్ కూడా అందులోనే ఉంటుంది. "నాకు ఈ వయసులో ఎవరూ చెప్పలేదురా" అన్నారు మొన్న. నాకు చెప్పారు. నేనే వినలేదు.

మీరు వినండి. మళ్లీ కలుద్దాం.